గ్రామీణ క్రికెట్ సేవకులు, వారికి దక్కిన గుర్తింపు (అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు)

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో క్రికెట్‌ను నిలబెట్టిన స్వచ్ఛంద సేవకులు, శిక్షకులు, మైదాన సిబ్బంది, ఆటకు కొత్త పద్ధతులు కల్పించినవారు, వారికి దక్కిన గుర్తింపు ఈ వ్యాస విషయం. తలుపుల, కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడే వరకు అనంతపురం జిల్లాలో ఉండేవి. అందువల్ల రెండు జిల్లాల చరిత్రను ఇక్కడ కలిపి ఇవ్వడమైనది.

తొలి దశ

బ్రిటిష్ పాలనలో మద్రాసు రాజధానిలోని పాఠశాలలు, కళాశాలలు, అధికారుల క్లబ్బుల ద్వారా క్రికెట్ తెలుగు జిల్లాలకు చేరింది. 1953లో ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడి, 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలో ఆడింది. 1932లో లార్డ్స్ మైదానంలో భారత తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు, 58 ఏళ్ల వయసులో ఈ కొత్త జట్టుకు సారథ్యం వహించారు. ఆయన పేరిట భారత క్రికెట్ నియంత్రణ మండలి 1994లో జీవన సాఫల్య పురస్కారం నెలకొల్పింది. తొలి పురస్కారం లాలా అమర్‌నాథ్‌కు దక్కింది.

ఊరి ఆట

వర్షపాతం తక్కువైన ఈ ప్రాంతంలో ఎండిన చెరువులు, చెనిక్కాయ పీకిన చేలు, హైస్కూలు ఆవరణలే మైదానాలు. ఊరి పోటీకి పిచ్ సిద్ధం చేయాలంటే ముందుగా గడ్డి చెక్కి, రాళ్లు ఏరి, మట్టి పోసి నీళ్లు చల్లుతారు. తడి ఆరీ ఆరకముందే రోలరు లాగుతారు. మ్యాటు పరిచేచోట నాలుగు అంచులా మేకులు కొట్టి బిగువుగా లాగి కడతారు. సున్నంతో బౌండరీ గీస్తారు. టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టడం ఉపఖండమంతటా వాడుకలోకి వచ్చిన ఉపాయం. టేపు చుట్టిన బంతి వేగంగా వెళుతుంది, ఒక పక్కనే చుడితే గాలిలో తిరుగుతుంది. తోలు బంతి, ప్యాడ్లు కొనలేని కుర్రాళ్లకు ఫాస్ట్ బౌలింగ్ ఇలాగే అలవడింది. జాతరలకు, పండుగలకు జరిగే పోటీల ఫ్లెక్సీల మీద బహుమతి దాతల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. రోలరు లాగినవారికి, పొద్దంతా ఎండలో అంపైరింగు చేసి స్కోరు రాసినవారికి వాటి మీద చోటు దొరకడం అరుదు.



ఆర్డీటీ కృషి

స్పెయిన్ దేశస్థుడు, జెసూట్ సభను వీడిన విన్సెంట్ ఫెర్రర్ (1920-2009) 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) స్థాపించారు. ఆయన, భార్య అన్నే ఫెర్రర్ చేపట్టిన విద్య, వైద్య, గృహ నిర్మాణ కార్యక్రమాలకు కాలక్రమంలో క్రీడలు తోడయ్యాయి. పేద కుటుంబాల పిల్లలకు వసతితో కూడిన శిక్షణ ఇచ్చే అనంతపురం క్రీడా గ్రామం ఈ సంస్థ ప్రశంసనీయమైన కృషికి ఫలం. 2024 సెప్టెంబరు 5 నుంచి 22 వరకు సాగిన దులీప్ ట్రోఫీలో ఆరు మ్యాచ్‌లకు గాను అయిదు ఇక్కడి ఆర్డీటీ మైదానాల్లోనే జరిగాయి. జిల్లా స్థాయి మైదాన సిబ్బంది పనితనానికి ఇది అరుదైన పరీక్ష.

నార్పల మండలం బండ్లపల్లికి చెందిన ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష ఆర్డీటీలోనే శిక్షణ పొందారు. 2023 జులై 9న మీర్‌పూర్‌లో బంగ్లాదేశ్‌పై టీ20లోను, అదే నెల 16న వన్డేలోను భారత జట్టుకు తొలిసారి ఆడారు.

అంధుల క్రికెట్

ఈ ప్రాంతం నుంచి భారత జట్టుకు సారథిని అందించిన చూపులేనివారి క్రికెట్ 1922లో మెల్‌బోర్న్‌లో పుట్టింది. అక్కడి అంధ కార్మికులు డబ్బాలో రాళ్లు వేసి, ఆ చప్పుడును బట్టి ఆడారు. ఈ ఆవిష్కరణే నేటి ఆటకు మూలం. ఇప్పటి బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపలి ఇనుప గుళ్లు దొర్లుతూ గలగలమంటాయి. బౌలరు “రెడీ?” అని అడిగి, బ్యాటరు “ఎస్” అన్నాకే “ప్లే” అంటూ చేతిని కిందినుంచి ఊపి బంతి వేయాలి. లోహపు వికెట్లకు బంతి తగిలితే చప్పుడు వినిపిస్తుంది. ఆటగాళ్లను చూపును బట్టి బీ1, బీ2, బీ3 అని విభజిస్తారు. పూర్తిగా చూపులేని బీ1 ఆటగాళ్లు జట్టులో కనీసం నలుగురు ఉండాలి. వారు చేసిన పరుగులు రెట్టింపుగా లెక్కకు వస్తాయి.

భారతదేశంలో ఈ ఆటకు వ్యవస్థ కల్పించినవారు జార్జ్ అబ్రహం. డెహ్రాడూన్ అంధుల సంస్థలో పిల్లలు పొద్దస్తమానం క్రికెట్ ఆడటం చూసిన ఆయన, 1990లో ఢిల్లీలో తొలి జాతీయ పోటీలు జరిపించారు. 1996లో ప్రపంచ అంధుల క్రికెట్ మండలి ఏర్పాటుకు పూనుకున్నారు. 1998లో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ కప్పును దక్షిణాఫ్రికా గెలుచుకుంది. 1997లో మహంతేష్ జి.కె., ఎస్.పి. నగేష్ బెంగళూరులో స్థాపించిన సమర్థనం ట్రస్టు తరువాతి కాలంలో ఈ ఆటకు ప్రధాన ఆధారమైంది. 2012, 2017, 2022 టీ20 ప్రపంచ కప్పుల తుదిపోర్లు మూడూ బెంగళూరులోనే జరిగాయి, మూడింటా భారత జట్టే నెగ్గింది. చివరి రెండు విజయాలకు నాయకుడైన గుంటూరు జిల్లావాసి ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం అందుకున్నారు.

భారత అంధ మహిళల జట్టు 2023 ఆగస్టులో బర్మింగ్‌హామ్ ప్రపంచ అంధుల క్రీడల్లో స్వర్ణం సాధించింది. 2025 నవంబరు 23న కొలంబోలో జరిగిన తొలి మహిళా అంధుల టీ20 ప్రపంచ కప్పు తుదిపోరులో నేపాల్‌ను 114 పరుగులకు కట్టడి చేసి, భారత్ ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. ఈ జట్టు సారథి టి.సి. దీపిక నొలంబ రాజుల పూర్వ రాజధాని హేమావతి సమీపంలోని తంబలహట్టికి చెందినవారు. ఇది మడకశిర ప్రాంతంలోని అమరాపురం మండలంలో ఉంది.

గుర్తింపు రూపాలు

అంతర్జాతీయ క్రికెట్ మండలి 2002 నుంచి అభివృద్ధి పురస్కారాలు ఇస్తోంది. ఇంగ్లండ్ బోర్డు క్లబ్బుల్లోని స్వచ్ఛంద సేవకులను ఏటా సత్కరిస్తుంది. భారతదేశంలో శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం ఉంది. 1986లో దేశ్ ప్రేమ్ ఆజాద్ దానిని అందుకున్న తొలి క్రికెట్ శిక్షకుడు.

మైదాన సిబ్బంది వైపు చూపు మళ్లింది ఇటీవలే. 2023 సెప్టెంబరు 17న ఆసియా కప్ తుదిపోరులో హైదరాబాదీ బౌలర్ మహమ్మద్ సిరాజ్, తనకు దక్కిన 5,000 డాలర్ల బహుమతిని కొలంబో మైదాన సిబ్బందికి ఇచ్చేశారు. 2024 మే నెలలో ఐపీఎల్ ముగియగానే భారత బోర్డు పది ప్రధాన వేదికల సిబ్బందికి రూ.25 లక్షల చొప్పున, విశాఖపట్నం సహా మూడు అదనపు వేదికల సిబ్బందికి రూ.10 లక్షల చొప్పున ప్రకటించింది.

2025 డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అంధ మహిళా జట్టును సత్కరించారు. దీపిక తన ఊరికి రోడ్డు కావాలని కోరగా, తంబలహట్టి రోడ్లకు రూ.6.2 కోట్లు మంజూరయ్యాయి. క్రీడాకారిణులకు రూ.5 లక్షల చొప్పున ఇచ్చి, శిక్షకులకు కూడా విడిగా రూ.2 లక్షల చొప్పున అందజేయడం ఈ సత్కారంలో గమనించదగిన అంశం.