మందు అదే, మారింది పనుల వరస: హెల్సింకీ 20 నిమిషాల కథ

ఈ రోజు ఒక ఫోన్ కాల్ కథ చెప్తాను.

పక్షవాతం, అంటే బ్రెయిన్ స్ట్రోక్, చాలామందికి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తుంది. ఆ గడ్డని కరిగించే టీపీఏ అనే ఇంజెక్షన్ పనిచేస్తుందని 1995లో అమెరికాలో తేలింది. 1996లో అక్కడ అనుమతి వచ్చింది. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపే ఇవ్వాలి. 2008 తర్వాత ఆ గడువు నాలుగున్నర గంటలైంది. ఇంకో చిక్కుంది. కొందరికి నాళం చిట్లి రక్తస్రావం అవుతుంది. వాళ్లకి ఈ మందు ఇస్తే ప్రాణమే పోవచ్చు. అందుకే ముందు సీటీ స్కాన్ చూడాల్సిందే.

టైమ్ అంతా ఇక్కడే పోయేది. ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీ సెంట్రల్ హాస్పిటల్‌లో 1998లో పేషెంట్ గుమ్మం దాటాక ఇంజెక్షన్ పడటానికి మామూలుగా 105 నిమిషాలు పట్టేది. నా పాత ఉద్యోగ భాషలో చెప్పాలంటే, పనులన్నీ ఒకదాని వెనకాల ఒకటి క్యూలో ఉండేవి.

వాళ్లు ఆ క్యూని విడగొట్టారు. అంబులెన్స్ సిబ్బంది దారిలోనే స్ట్రోక్ డాక్టర్‌కి ఫోన్ చేస్తారు. బండి వచ్చేలోపే డాక్టర్ పాత రికార్డులు చూసి, రక్తపరీక్షలకీ స్కాన్‌కీ ఆర్డర్ పెట్టేస్తారు. బండి దిగగానే అదే స్ట్రెచర్ మీద నేరుగా సీటీ గదికి. స్కాన్ అక్కడే చూసి, ఆ బల్ల మీదే ఇంజెక్షన్. ఇలాంటి మార్పులు మొత్తం 12. 2003కి 60 నిమిషాలు, 2011కి 20 నిమిషాలు!

తర్వాత మెల్‌బోర్న్‌లో ఒక హాస్పిటల్ ఇదే పద్ధతి పట్టుకుని, నాలుగే నెలల్లో పనివేళల్లో 25 నిమిషాలకి తెచ్చింది. అంటే ఇది నేర్చుకుంటే వచ్చే పని.

మిగిలిన నిమిషాల విలువెంత? వైద్యం అందని ఒక్కో నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు.

మన 108 హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోన్ చేస్తే బండి రావడం మనకి అలవాటైంది. బండిలోంచి హాస్పిటల్‌కి ముందే కబురు వెళ్లడం కూడా అంతే అలవాటవ్వాలి. మన వంతు పనీ ఉంది. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా "కాసేపు పడుకోబెట్టి చూద్దాం" అనకండి. వెంటనే 108కి చేసి, మనిషి చివరిసారి ఎన్నింటికి బాగున్నారో చెప్పండి. గడువు లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే.