ఆటలో బతికిన జుబాన్

గర్మీ చుట్టీలు రాగానే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మొహల్లాల్లో పిల్లలు టోపీలు పెట్టుకుని మక్తబ్‌కి బయల్దేరతారు. ఖురాన్ నాజిరా, దువాలు, నమాజ్ తరీఖా అన్నీ ఆ కొన్ని వారాల్లోనే నేర్పేయాలని మన ఆరాటం. ఇలాంటి ఫికర్‌తోనే అమెరికా యహూదీలు సమ్మర్ క్యాంపులు పెట్టుకున్నారు. వాటి తారీఖ్ మనకూ పనికొస్తుంది.

మొదట్లో అవి మంచి గాలి కోసమే. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు న్యూయార్క్‌లో ఇరుకు గదుల్లో బతికేవి. ఆ గరీబ్ పిల్లల కోసం 1902లో సర్‌ప్రైజ్ లేక్ క్యాంపు మొదలైంది. తర్వాత పిల్లలు ఇంగ్లీషులోకి జారిపోతుంటే జుబాన్ ఫికర్ పట్టుకుంది. ఇంటి భాష యిడ్డిష్ కోసం బోయిబెరిక్ లాంటి క్యాంపులు నడిచాయి. మజహబీ జుబాన్ హిబ్రూ కోసం 1941లో మసాద్, 1947లో విస్కాన్సిన్‌లో రామా వచ్చాయి.

మసాద్‌లో బేస్‌బాల్ కూడా హిబ్రూలోనే ఆడేవారు. ఆటకి మాటలు లేకపోతే కొత్తవి కల్పించుకున్నారు. రామాలో భోజనశాల ‘ఖదర్ ఓఖెల్’, చెరువు ‘అగమ్’. శుక్రవారం పొద్దు గుంకేవేళ పిల్లలు తెల్లబట్టలు వేసుకుని షబ్బాత్‌కి కూర్చుంటారు.

నిజమే, వీటిలో చాలా క్యాంపులు సహ్యూనీ సోచ్ కూడా నేర్పాయి. ఫలస్తీన్ దర్ద్ తెలిసిన మనకు అది మంజూర్ కాదు. కానీ పిల్లలకి జుబాన్ అందించిన తరీఖా నుంచి సబఖ్ తీసుకోవచ్చు.

రామా ఇప్పటికీ నడుస్తోంది. బోయిబెరిక్ 1979లో, మసాద్ 1981లో మూతపడ్డాయి. ఇంట్లో వినపడని జుబాన్‌ని క్యాంపు ఒక్కటే ఎన్నాళ్లు మోస్తుంది?

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. మా అబ్బా రాసిన ఖత్‌లు నా పిల్లలు చదవలేరు. ఖురాన్ మాత్రం గడగడా చదువుతారు. అంటే హర్ఫ్‌లు చాలావరకు వచ్చినట్టే. పే, చే, గాఫ్ లాంటివి కొన్ని కలిపితే ఉర్దూ చదవడం మొదలుపెట్టొచ్చు.

మక్తబ్‌లో రోజుకో పావుగంట దీనికి ఇద్దాం. అసర్ తర్వాత క్రికెట్ స్కోరు ఉర్దూలో లెక్కపెట్టిద్దాం. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఒక పాత ఖత్ తీసి, ఒక్క లైన్ పిల్లలతోనే చదివిద్దాం. చుట్టీలు అయిపోయినా ఆ లైన్ ఆగకూడదు.