టాన్ హిల్ ఇన్

టాన్ హిల్ ఇన్ ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో, పెన్నైన్ కొండల మీద ఉన్న పబ్బు. సముద్రమట్టానికి 528 మీటర్ల (1,732 అడుగుల) ఎత్తున ఉన్న దీనికి బ్రిటన్ మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన పబ్బుగా పేరు. చుట్టుపక్కల ఊరు లేదు. కెల్డ్ అనే చిన్న పల్లె దక్షిణాన ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. మిగిలిందంతా నీరూరే పీట్ నేల, గాలి, గొర్రెలు.

ఇంత నిర్మానుష్యమైన చోట పబ్బు వెలయడానికి కారణం బొగ్గు. ఈ కొండ బొగ్గును మధ్యయుగాల నుంచే తవ్వేవారు. స్వేల్డేల్ లోయలో సీసం కరిగించే కొలుములకూ సున్నపు బట్టీలకూ అదే ఇంధనం. ఇప్పుడున్న రాతి కట్టడం 17వ శతాబ్దం నాటిది. గని కార్మికులూ, గుర్రాల మీద సరుకు మోసేవాళ్లూ దీనికి తొలి ఖాతాదారులు.

ఇలాంటి పబ్బులకు తప్పనిసరైన బీరు అమ్మకం లైసెన్సు ఇంగ్లండ్‌లో 1552 నాటి చట్టంతో మొదలైంది. దుకాణం సక్రమంగా నడుపుతానని యజమాని పూచీకత్తు రాసిస్తేనే ఇద్దరు మేజిస్ట్రేట్లు అనుమతి ఇచ్చేవారు. గుమ్మం పైన లైసెన్సుదారు పేరు రాసే ఆనవాయితీ చాలా పబ్బుల్లో కనబడుతుంది. పబ్బు మంచిచెడ్డలు నడిపే మనిషిని బట్టే ఉంటాయని అక్కడి జనం నమ్మకం. టాన్ హిల్ విషయంలో అది అక్షరాలా నిజం.

ఇక్కడి యజమానుల్లో బాగా గుర్తుండిపోయినది సూసన్ పీకాక్. 20వ శతాబ్దం మొదటి ఏళ్ల నుంచి 1937లో చనిపోయే దాకా ఈ పబ్బును ఆమే నడిపింది. ఆమె హయాంలోనే, 1929లో, చివరి గని మూతబడింది. కార్మికుల ఇళ్లు కూల్చేశారు. పబ్బు ఒక్కటే మిగిలింది. గొర్రెల కాపరులే దాన్ని నిలబెట్టారు. స్వేల్డేల్ జాతి గొర్రెల ప్రదర్శన ఇప్పటికీ ఏటా మే నెలలో ఇక్కడ జరుగుతుంది.

1965లో పెన్నైన్ వే అనే 430 కిలోమీటర్ల కాలిబాటను ప్రారంభించారు. అది పబ్బు గుమ్మం ముందు నుంచే పోతుంది. దాంతో తడిసిన బూట్లతో వచ్చే కొత్త గిరాకీ మొదలైంది. 1980లలో ఒక కిటికీల కంపెనీ ఇక్కడ టీవీ ప్రకటన తీసింది. బయట గాలి హోరెత్తుతుంటే, లోపల ఆ ప్రకటనలో కనబడే టెడ్ మౌల్ట్ అనే ఆయన కిటికీ పక్కన ఈక వదులుతాడు. అది చెదరకుండా నిదానంగా కిందికి దిగుతుంది. పబ్బు దేశమంతటికీ తెలిసింది. 1995లో పెళ్లిళ్లు జరిపే లైసెన్సు వచ్చింది. బ్రిటన్‌లో ఒక పబ్బుకు అలాంటి అనుమతి దక్కడం అదే మొదటిసారి. 2007లో క్రిస్మస్ భోజనానికి 'ఫ్యామిలీ ఫీస్ట్' అని పేరు పెడితే, అది తమ ట్రేడ్‌మార్క్ అంటూ కేఎఫ్‌సీ లాయర్లు ఉత్తరం రాశారు. నలుగురూ నవ్వేసరికి ఆ కంపెనీ వెనక్కి తగ్గింది. డబ్బు పెట్టినా అంత ప్రచారం దొరికేది కాదు.

2021 నవంబరులో ఆర్వెన్ తుపాను వేళ మంచు దారులు మూసేసింది. ఒయాసిస్ అనే రాక్ బృందం పాటలు పాడే నోయాసిస్ బృందంతో సహా 60 మందికి పైగా మూడు రాత్రులు ఇక్కడే చిక్కుకుపోయారు. నేల మీద పరుపులు పరిచారు, క్విజ్‌లు పెట్టారు, సినిమాలు వేశారు. ప్రపంచమంతటా పత్రికలు దీని గురించి రాశాయి. వాళ్లకు సరదాగా గడిచింది నిజమే కానీ, చలికాలంలో వెళ్లేవారు కెల్డ్‌లోనే ఆగి దారి సంగతి కనుక్కోవడం మంచిది.