భావోద్వేగాలను తెలిపే ఇంటర్‌ఫేస్‌లు

మనిషి తన మనసు ఎలా ఉందో తానే తెలపడానికి వాడే ప్రశ్నపత్రాలు, బొమ్మల వరసలు, మీటల పెట్టెలు, ఫోన్ తెరలు అన్నీ ఈ కోవలోకి వస్తాయి. గుండె వేగాన్ని, అరచేతి చెమటను యంత్రాలు కొలుస్తాయి. ఆ గుండెదడ భయంతోనా, సంబరంతోనా అన్నది చెప్పగలిగేది ఆ మనిషే. అడిగే తీరును బట్టి జవాబు మారుతుంది కనుక ఈ రూపకల్పనలో చిన్న గీత కూడా లెక్కలోకి వస్తుంది.

మొదట్లో భారమంతా మాటల మీదే ఉండేది. ఆల్బర్ట్ మెహ్రాబియన్, జేమ్స్ రసెల్ 1974లో ప్రచురించిన కొలమానంలో 18 జతల వ్యతిరేక పదాలుండేవి. ఒక ఫొటో చూపించి మనసులో ఏం కలిగిందని అడిగితే 18 చోట్ల గుర్తు పెట్టాలి. వరసగా ఎన్నో ఫొటోలు చూపించే ప్రయోగాల్లో ఇది విసుగు తెప్పించే పని. చదవడం రానివారికీ చిన్నపిల్లలకూ అసలు వీలుపడదు.

అమెరికన్ మనస్తత్వవేత్త పీటర్ లాంగ్ 1980లో ఈ చిక్కును బొమ్మతో విప్పాడు. ఆయన రూపొందించిన ‘సెల్ఫ్ అసెస్‌మెంట్ మానికిన్’లో ఒక చిన్న మనిషి బొమ్మ మూడు వరసల్లో కనిపిస్తుంది. మొదటి వరసలో దాని ముఖం నవ్వు నుంచి దిగులుకు మారుతుంది. రెండో వరస ఉత్తేజాన్ని అడుగుతుంది: ఒక చివర కళ్ళు మూసుకుని జోగుతున్న బొమ్మ, మరో చివర కళ్ళు పెద్దవి చేసుకుని లోపల ఏదో పేలినట్టున్న బొమ్మ. పరిస్థితి మీద తనకెంత పట్టు ఉందో చెప్పేది మూడో వరస. పట్టు లేనప్పుడు బొమ్మ గడిలో చిన్నదైపోతుంది, ఉన్నప్పుడు గడిని నింపేస్తుంది. లాంగ్‌తో కలిసి మార్గరెట్ బ్రాడ్లీ 1994లో ప్రచురించిన పరిశోధనలో ఆహ్లాదం, ఉత్తేజం విషయంలో ఈ బొమ్మల ఫలితాలు 18 జతల పద్ధతితో బాగా సరిపోయాయి. 18 గుర్తుల పని మూడింటితో తీరింది. ఈ రంగంలో ఇంతకంటే పొదుపైన రూపకల్పన అరుదు.

బొమ్మలకూ తమ చిక్కులున్నాయి. పిల్లల నొప్పిని తెలుసుకోవడానికి ఓక్లహోమాలోని టల్సాలో డోనా వాంగ్, కోనీ బేకర్ 1980లలో తయారుచేసిన ఆరు ముఖాల పట్టీ ఆసుపత్రుల్లో ఎంతో పేరు పొందింది. దానిలో మొదటి ముఖం నవ్వుతుంది, చివరి ముఖం కన్నీళ్ళు పెడుతుంది. నొప్పి లేకపోయినా సూదికి భయపడిన పిల్లవాడు నవ్వు ముఖాన్ని ఎంచుకోడు. పట్టీ నవ్వుతో మొదలైతే పిల్లలు నొప్పిని ఎక్కువ చేసి చూపుతున్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 2001లో వచ్చిన ‘ఫేసెస్ పెయిన్ స్కేల్ రివైజ్డ్’లో నవ్వూ లేదు, కన్నీళ్ళూ లేవు.

మిశ్రమ భావాలది మరింత కష్టమైన సంగతి. అప్పగింతల వేళ తల్లికి సంతోషం, దుఃఖం ఒకేసారి ముంచుకొస్తాయి. ఒక కొసన బాధ, మరో కొసన ఆనందం ఉన్న స్లైడర్ మీద ఆమె వేలు మధ్యలో ఆగుతుంది. ఏమీ అనిపించని మనిషి వేలు ఆగేదీ అక్కడే! ఈ లోపాన్ని సరిదిద్దడానికే జెఫ్ లార్సెన్, జాన్ కాసియోపో తదితరులు 2009లో 25 గడుల చదరాన్ని ప్రతిపాదించారు. దానిలో మంచి భావన ఒక అంచు వెంట, చెడు భావన మరో అంచు వెంట పెరుగుతాయి. ఆ తల్లికి రెండూ ఎక్కువగా ఉన్న మూల దొరుకుతుంది. 2023లో ఐఫోన్‌కు వచ్చిన మనఃస్థితి నమోదు మాత్రం ఒకే స్లైడర్‌తో మొదలై, ఆ తర్వాత పదాలను చూపుతుంది.

ఎప్పుడు అడగాలన్నదీ రూపకల్పనలో భాగమే. గడిచిన బాధను తలుచుకున్నప్పుడు మనిషి దాని తీవ్రమైన క్షణానికీ ముగింపుకూ ఎక్కువ విలువ ఇస్తాడని రెడెల్‌మీయర్, కానెమాన్ 1996లో చూపారు. అంతకు ముందే, 1970ల్లో, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ బృందం జనం చేతికి పేజర్లిచ్చి, అవి మోగినప్పుడల్లా ఆ క్షణంలోని అనుభవాన్ని రాయించింది. పదేపదే ఆపి రాయించడం అలసట కలిగిస్తుంది. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రకటించిన ఫొటోల పద్ధతి ఆ శ్రమను తగ్గించింది. ఫోన్ తెర మీద 16 ఫొటోలు కనిపిస్తాయి, మనసుకు దగ్గరగా ఉన్న ఒకదాన్ని తాకితే చాలు.