ఇరవై రెండు చక్రాల లెక్క: భిలాయి ఉక్కును మోసే ట్రైలర్ టైర్ల కథ

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటి నుంచి భిలాయి చరిత్ర అంటే కొలిముల చరిత్రగా, దల్లీ రాజహరా ఇనుప గనుల చరిత్రగా, దేశమంతటా పరుచుకున్న రైలు పట్టాల చరిత్రగా చెప్పుకోవడం అలవాటైంది గాని, తయారైన ఉక్కు గేటు దాటాక ఏ చక్రాల మీద కదిలి ఊళ్లకు చేరుతుందన్నది ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. 260 మీటర్ల పొడవుకు అతికించిన రైలు పట్టాలను రోడ్డు మీద మలుపు తిప్పే వాహనం లేదు కాబట్టి అవి ప్రత్యేక రైళ్లలోనే పోతాయి. మందపాటి ప్లేట్లు, వైర్ రాడ్ చుట్టలు, ఇంటి నిర్మాణంలో వాడే చువ్వలు, దూలాలు మాత్రం రైలు వ్యాగన్లతో పాటు ట్రైలర్ లారీల మీద కూడా ఎక్కుతాయి. ఆ ట్రైలర్లకు టైర్లను ఎంచుకునే పద్ధతిలోనూ, వాటిని జత కలిపి తూకం సరిచేసే పద్ధతిలోనూ ఒక శతాబ్దానికి పైబడిన సాంకేతిక చరిత్ర ఇమిడి ఉంది.

భిలాయి మీదుగా పోయే పాత గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు చాలాకాలం 6వ నంబరు జాతీయ రహదారిగా ఉండి, 2010 నాటి సంఖ్యల మార్పులో 53వ నంబరుగా మారింది. తెలుగు పాఠకుడికి మరింత దగ్గరిది రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరుల మీదుగా విజయనగరం వైపు దిగే పాత 43వ నంబరు రహదారి. కర్మాగారం కట్టిన రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు భిలాయికి వలస పోయి ఖుర్సీపార్, క్యాంపు, సెక్టార్ల బస్తీలలో స్థిరపడ్డాయి; సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం నేటికీ అక్కడి తెలుగువారి కూడలి. ఆ దారికి ఈ చివరన ఉన్న సాలూరు పట్టణం లారీ పరిశ్రమతోనే పేరు తెచ్చుకుంది. కేష్కాల్ ఘాటీ మలుపులు, సుంకి ఘాట్ దిగుడు ఉన్న ఈ మార్గంలో నడిచే బండికి ఇంజను ఎంత ముఖ్యమో టైరు కూడా అంతే ముఖ్యమని సాలూరు లారీ యజమానులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ట్రైలర్ నిర్మాణం తెలిస్తే గాని టైర్ల లెక్క అర్థం కాదు. ముందు ఇంజను ఉన్న లాగుడు బండి, దాని వీపు మీద కింగ్ పిన్ అనే ఉక్కు మేకుతో తగిలించిన పొడవాటి ట్రైలర్, రెండూ కలిస్తే ఒక వాహనం. డ్రైవర్లు ‘బాయీస్ చక్కా’ అని పిలిచే ఇరవై రెండు చక్రాల బండిలో స్టీరింగు ఇరుసుకు 2, లాగుడు బండి వెనుక జంట ఇరుసులకు 8, ట్రైలర్ చివరి మూడు ఇరుసులకు 12 టైర్లు ఉంటాయి. 2018 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఇరుసు బరువుల పరిమితిని పెంచినప్పుడు స్టీరింగు ఇరుసుకు 6 నుంచి 7 టన్నులు, జంట ఇరుసులకు 19 నుంచి 21 టన్నులు, మూడిరుసులకు 24 నుంచి 27 టన్నులు అయి, మొత్తం బరువు 49 నుంచి 55 టన్నులకు చేరింది. ఈ సంఖ్యలను టైర్ల సంఖ్యతో భాగిస్తే ముందు టైరు మీద 3,500 కిలోలు, మధ్య టైరు మీద 2,625 కిలోలు, ట్రైలర్ టైరు మీద 2,250 కిలోలు పడతాయని తేలుతుంది. ట్రైలర్ టైరు మోసేది అన్నింటికంటే తక్కువే కదా అన్న ఊహతోనే ముందు ఇరుసుల్లో అరిగిన టైర్లను, రెండోసారి రబ్బరు వేయించిన టైర్లను వెనక్కి నెట్టే అలవాటు స్థిరపడింది. ఈ ఊహ సగమే నిజం. మిగతా సగం ఎందుకు నిజం కాదో తెలియాలంటే టైరు లోపలికి వెళ్లాలి.

1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరిచే వల్కనైజేషన్ పద్ధతిని కనుగొన్నాడు. 1845లో స్కాట్లండ్ వాసి రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందినా, దాన్ని నిజంగా వాడుకలోకి తెచ్చినవాడు 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్. బరువును మోసేది రబ్బరు కాదు, లోపల బంధించిన గాలి. ఆ గాలి ఒత్తిడిని తట్టుకునేవి రబ్బరులో పొదిగిన దారాల పొరలు. తొలి రోజుల్లో నూలు దారాలు, తరువాత రేయాన్, ఆ తరువాత నైలాన్ వచ్చాయి. టైరు మీద కనిపించే ‘16 పి.ఆర్.’ అన్న గుర్తు నూలు పొరల కాలం నాటిది. నేటి టైరులో పదహారు పొరలు ఉండవు. పదహారు నూలు పొరలకు సమానమైన బలం ఉందని దాని భావం.

దారాల పొరలు ఐమూలగా ఒకదాని మీదొకటి అడ్డంగా పోయే పాత తరహా టైరును మన లారీ రంగంలో నైలాన్ టైరు అంటారు. చక్రం తిరిగి నేలకు ఆనిన ప్రతిసారీ ఆ పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి. ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నిటారుగా పోతాయి. ట్రెడ్ కింద, అంటే నేలను తాకే చారల భాగం కింద, ఉక్కు తీగల పట్టీలు చుట్టి ఉంటాయి. పక్క భాగం తేలికగా వంగుతుంది, ట్రెడ్ మాత్రం నేల మీద సమంగా ఆనుతుంది, వేడి తగ్గుతుంది. భారతదేశంలో 1936లో హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ మొదలైనా, లారీ, బస్సు రేడియల్ టైరును జె.కె. టైర్ సంస్థ దేశంలో తయారు చేయడం 1999లో గాని జరగలేదు. గతుకుల రోడ్లు, అధిక బరువు, ఒకే టైరుకు పదేపదే రబ్బరు వేయించుకునే ఆర్థిక అవసరం ఈ ఆలస్యానికి కారణాలు. నేడు తిరుపతి జిల్లా చినపండూరు దగ్గర అపోలో ఫ్యాక్టరీ లారీ రేడియళ్లను తయారు చేస్తోంది. ఉక్కును మోసే ఈ టైరు నడుము లోపల ఉన్నదీ ఉక్కు తీగే కావడం భిలాయి పాఠకుడికి ప్రత్యేకంగా నచ్చే సంగతి.

టైరును ఎంచుకోవడంలో అసలు కీలకం పక్క భాగం మీద అచ్చు వేసిన లోడ్ ఇండెక్స్ అనే బరువు సూచిక. ఉదాహరణకు 10.00-20 కొలత గల 16 పి.ఆర్. టైరు మీద సాధారణంగా 146/143 అని ఉంటుంది. మొదటి సంఖ్యకు అర్థం ఆ టైరు ఒంటరిగా ఉన్నప్పుడు 3,000 కిలోలు, రెండో సంఖ్యకు అర్థం జోడుగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి 2,725 కిలోలు మోయగలదని. అటువంటి టైర్లు రెండు స్టీరింగు ఇరుసుకు వేస్తే మోసేది సరిగ్గా 6 టన్నులు, అంటే 2018కి ముందున్న పరిమితి. పెరిగిన 7 టన్నుల పరిమితికి ఒక్కో టైరు 3,500 కిలోలు మోయాలి, 295/80ఆర్22.5 కొలత ట్యూబ్‌లెస్ టైర్లలో సాధారణంగా కనిపించే 152 సూచిక, అంటే 3,550 కిలోలు, అందుకు సరిపోతుంది. పద్దెనిమిది చక్రాల బండిలో నాలుగు టైర్ల మీద 11.5 టన్నులు మోసే ఒంటి ఇరుసుదీ ఇదే చిక్కు. టైరుకు 2,875 కిలోలు పడుతుంటే 143 సూచిక చాలదు. ఇరుసు బరువులను నిర్దేశించిన 1996 అక్టోబరు కేంద్ర నోటిఫికేషన్‌లోనే తయారీదారు ఇచ్చిన పరిమితి, పట్టికలోని పరిమితి, టైర్లు మోయగల బరువు, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుందన్న షరతు ఉంది. చట్టం బరువు పెంచినంత మాత్రాన పాత టైరు బలం పెరగదు. పెంచిన టన్నుల గురించి జరిగిన చర్చలో పదో వంతు కూడా ఈ షరతు గురించి జరగకపోవడం విచారకరం.

ఇక ట్రైలర్ టైరు సంగతి. మూడు ఇరుసులూ సమాంతరంగా బిగించి ఉండడం వల్ల బండి మలుపు తిరిగేటప్పుడు దాదాపు మధ్య ఇరుసే సాఫీగా దొర్లుతుంది. మొదటి, చివరి ఇరుసుల టైర్లు పక్కకు ఈడ్చుకుపోతాయి. స్టాక్ యార్డులో బరువుతో నిండిన ట్రైలర్ ఇరుకు చోట మలుపు తిరుగుతుంటే చివరి ఇరుసు దగ్గర నిలబడి చూసినవారికి టైరు అడుగు భాగం నేలకు అతుక్కుని ఉండగా పక్క భాగం మెలి తిరగడం, కాంక్రీటు మీద నల్లని వంపు గీతలు పడడం కంటికి కనిపిస్తాయి. నిలువు బరువు తక్కువైనా అడ్డపు ఒరిపిడి ఇక్కడే ఎక్కువ. అందుకే లాగే ఇరుసులకు లోతైన గాళ్లున్న లగ్ టైరు, ట్రైలర్ ఇరుసులకు నిలువు చారల రిబ్ టైరు వాడతారు. అమెరికాలో కుటుంబాలు కారు వెనుక తగిలించుకుని విహారానికి తీసుకుపోయే ట్రావెల్ ట్రైలర్లకు ‘ఎస్.టి.’ అక్షరాలతో ప్రత్యేక టైర్ల తరగతి ఏర్పడింది కూడా ట్రైలర్ చక్రం పని వేరన్న గుర్తింపుతోనే.

జోడు టైర్ల విషయంలో ముందుగా సరిచూడవలసింది వాటి వ్యాసం. ఒకే హబ్‌కు బిగించిన రెండు టైర్లు కలిసే తిరగాలి కాబట్టి, వాటిలో ఒకటి పెద్దదైతే బరువులో ఎక్కువ వాటా దానిమీద పడుతుంది, చిన్నది రోడ్డుకు రాసుకుంటూ అరుగుతుంది. ఈ కొలత టైర్లలో వ్యాసాల తేడా సుమారు 6 మిల్లీమీటర్లు మించకూడదన్నది నిపుణులు పాటించే హద్దు. ఆ హద్దు దగ్గర కూడా చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. కిలోమీటరుకు సుమారు 310 చుట్లు తిరిగే టైరుకు అది కిలోమీటరుకు ఆరు మీటర్ల ఒరిపిడి, రాయ్‌పూర్ నుంచి విశాఖ దాకా 595 కిలోమీటర్లకు మూడున్నర కిలోమీటర్ల ఒరిపిడి. కొత్త టైరు పక్కన అరిగిన టైరును జత కట్టడం ఎంత నష్టమో ఈ లెక్కే చెబుతుంది. లోపలి టైరులో గాలి తగ్గినా ఫలితం ఇదే, పైగా అది కంటికి ఆనదు. ఆగిన ప్రతిచోటా క్లీనర్ ఇనుప కడ్డీతో ఒక్కో టైరునూ కొట్టి, ఖంగుమంటే గాలి ఉందని, మొద్దుగా చప్పుడైతే గాలి దిగిందని గుర్తించే పద్ధతి పూర్తిగా దిగిపోయిన టైరును పట్టిస్తుంది గాని, వంద పౌండ్లకు పైబడిన ఒత్తిడిలో ఇరవై పౌండ్లు తగ్గిన టైరును పట్టివ్వలేదు. ఆ పని గేజీకే సాధ్యం.

బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకు చిన్న తూకపు ముక్కలు బిగించడం. అర మీటరు వ్యాసార్ధం గల చక్రం అంచున ఒకచోట 100 గ్రాములు ఎక్కువుంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు ఐదున్నర కిలోల బలంతో, 80 కిలోమీటర్ల వేగంలో పది కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. వేగం వర్గంతో ఈ బలం పెరుగుతుంది. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, దాన్ని గాలి వాల్వు దగ్గరకు తెచ్చి బిగిస్తే సగం పని అక్కడే తీరుతుంది. ముందు చక్రం తూకం తప్పితే స్టీరింగు వణికి డ్రైవరుకు చెబుతుంది. ట్రైలర్ చక్రం తూకం తప్పితే ఆ వణుకు బేరింగులకు, కమాను కట్టలకు, సరుకును కట్టిన గొలుసులకు చేరుతుంది గాని డ్రైవరు చేతికి అందదు. ట్రైలర్ చక్రాలకు బ్యాలెన్సింగ్ అనవసరమన్న మాట ఈ కారణం చేతనే నిలబడదు. హెచ్చరించేవారు లేని చోటే ముందు జాగ్రత్త ఎక్కువ కావాలి.

అరిగిన టైరుకు కొత్త ట్రెడ్ అతికించే రీట్రెడింగ్‌ను తప్పుపట్టవలసిన పని లేదు. జర్మన్ ఆవిష్కర్త నోవాక్ రూపొందించిన చల్లని పద్ధతి హక్కులను 1957లో రాయ్ కార్వర్ కొని అమెరికాలో బాండాగ్ సంస్థను స్థాపించిన నాటి నుంచి ఈ విద్య ప్రపంచమంతటా నిలదొక్కుకుంది. లోపలి పొరలు చెడని టైరుకు మంచి చోట రబ్బరు వేయించి, వ్యాసం సరిపోయిన జతతో ట్రైలర్ ఇరుసుకు వాడుకోవచ్చు. స్టీరింగు ఇరుసుకు మాత్రం వద్దు.

రాయ్‌పూర్, విశాఖల మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారికి 2022 నవంబరులో విశాఖలో, 2023 జూలైలో రాయ్‌పూర్‌లో శంకుస్థాపనలు జరిగాయి. ఘాట్ రోడ్డులో ముక్కుతూ నడిచే ట్రైలర్లు ఈ దారిలో గంటల తరబడి ఒకే వేగంతో సాగుతాయి. సాలూరులోనైనా భిలాయిలోనైనా ట్రైలర్ యజమానులు తమ బండ్లు ఆ దారి ఎక్కేలోగా ఒక పని చేయాలి: బండిలోని ఇరవై రెండు స్థానాలకూ ఒక రిజిస్టరు పెట్టి, ఒక్కో టైరు బరువు సూచికను, పక్క భాగం మీద నాలుగంకెలలో అచ్చయిన తయారీ వారాన్ని, సంవత్సరాన్ని, జతల వ్యాసాలను అందులో రాయించాలి, స్టెప్నీని కూడా ఇరవై మూడోదిగా చేర్చాలి.