ఓపెన్ సోర్స్, వ్యాపార సాఫ్ట్‌వేర్ పరిశ్రమ

మూలసంకేతమును మరుగుపరుపక, దానిని చదువుటకును, మార్చుటకును, ఇతరులకు పంచుటకును ఎల్లరకు హక్కునిచ్చు లైసెన్సుతో వెలువడు సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ అనబడును. సంస్థలు తమ లెక్కలకును, పన్నుల వసూళ్లకును, సరకుల నిర్వహణకును వాడుకొను వ్యాపార సాఫ్ట్‌వేర్‌ను ఒకప్పుడు అమ్మకపు ప్రతినిధి మాటపై అధికారి కొనుచుండెను. డెవలపర్ ఆ కొన్నదానితోనే పని గడుపుకొనుచుండెను. గడచిన పాతిక సంవత్సరములలో ఈ క్రమము తలక్రిందులై, డెవలపర్ ముందుగా ఎన్నుకొన్న దానికే అధికారి తరువాత మూల్యము చెల్లించు స్థితి యేర్పడినది. అమెరికాలో పుట్టిన ఈ పరిణామము హైదరాబాదును కుదిపి, నాటి ప్రకాశము జిల్లా పశ్చిమ భాగములోని మార్కాపురము, గిద్దలూరు పురపాలక కార్యాలయముల వరకు వ్యాపించినది.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్ను ప్రణాళికయు, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్సును దీనికి పునాదులు. ఓపెన్ సోర్స్ అను పేరు 1998లో వాడుకకు వచ్చెను. ఆ సంవత్సరముననే హైదరాబాదులో జయ్ పుల్లూర్ ప్రభృతులు ప్రమతి టెక్నాలజీస్‌ను స్థాపించిరి. విదేశీ కంపెనీలు అప్పగించిన పనిని చేసిపెట్టుటయే ఆనాటి నగరమున ప్రధానమైన సాఫ్ట్‌వేర్ వృత్తి కాగా, ప్రమతి సొంత ఉత్పత్తికి పూనుకొనెను. అదియు సామాన్యమైనది కాదు, అప్లికేషన్ సర్వర్. వేలమంది ఒక్కసారిగా పంపు కోరికలను అందుకొని, డేటాబేసుతో సంప్రదించి, ఏ లావాదేవీయు సగములో నిలిచిపోకుండ పూర్తిచేయు మధ్యవర్తి ఈ సర్వర్. సన్ మైక్రోసిస్టమ్స్ జావాకై రూపొందించిన ఎంటర్‌ప్రైజ్ ప్రమాణముల ననుసరించి దీనిని నిర్మించి, బీయీయే, ఐబీఎం వంటి మహాసంస్థల సరసన నిలుపుట తెలుగువారి సాంకేతిక చరిత్రలో నేటికిని తగినంత గుర్తింపు నొందని సాహసము.

అయితే ఆ విపణికి ఎసరు పెట్టినది ఈ మహాసంస్థలు కావు. 1999లో మార్క్ ఫ్లూరీ ఆరంభించిన జేబాస్ అను ఓపెన్ సోర్స్ సర్వర్‌ను డెవలపర్లు ఎవరి యనుమతియు లేకయే తమ బల్ల మీది కంప్యూటరులోనికి దింపుకొని, పరీక్షించి, నచ్చగా కార్యాలయములలో ప్రవేశపెట్టిరి. లైసెన్సు రుసుము లేదు. సహాయ సేవలకు మాత్రమే మూల్యము. 2006లో రెడ్ హ్యాట్ అను సంస్థ జేబాస్‌ను కొనుగోలు చేసెను. ఉచితముగా దొరకు వస్తువునకు వెల కట్టి నిలుచుట కష్టము గనుక ప్రమతి క్రమముగా ఇతర మార్గములు త్రొక్కి, 2013లో అప్లికేషన్ల నిర్మాణమునకు ఉపకరించు వేవ్‌మేకర్‌ను స్వాధీనము చేసికొనెను. ప్రమతి వెనుకబడుటకు నైపుణ్యలోపము కారణము కాదని నా నిశ్చయము. కొనువాని స్థానములోనికి డెవలపర్ వచ్చి కూర్చుండుటయే కారణము. అమీర్‌పేట శిక్షణాలయములలో జావా నేర్చుకొను పల్లెటూరి పట్టభద్రులకు మాత్రము ఈ మార్పు మహోపకారమైనది. పెద్ద కంపెనీలు వాడు పనిముట్లే వారి చేతికి ఉచితముగా నందెను.

2003లో బెంగుళూరులో నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని స్థాపించిన ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ యొక్క ఓపెన్ సోర్స్ వ్యవస్థను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015–16 ప్రాంతమున 110 పట్టణ స్థానిక సంస్థలలో నెలకొల్పెను. ఆస్తిపన్ను, నీటిపన్ను, ఫిర్యాదులు, పద్దులు అన్నియు దానిలోని భాగములే. జావాలో వ్రాయబడిన ఆ వ్యవస్థ పోస్ట్‌గ్రెస్ డేటాబేసును, ఎలాస్టిక్‌సెర్చ్‌ను, జేబాస్ వంశమునకు చెందిన వైల్డ్‌ఫ్లై సర్వర్‌ను ఆధారము చేసికొన్నది. ప్రమతిని విపణినుండి తప్పించిన సర్వర్ సంతతియే తెలుగు పట్టణముల పన్నుల వసూలునకు వచ్చి చేరినదన్నమాట.

2018లో ఇద్దరు తెలుగువారి చేతుల మీదుగా ఈ పరిశ్రమ రూపము మారినది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వమున మైక్రోసాఫ్ట్, డెవలపర్లు తమ మూలసంకేతమును దాచుకొను గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనెను. 2001లో లినక్స్‌ను క్యాన్సరుతో పోల్చిన సంస్థయే అది. పశ్చిమ గోదావరి జిల్లాలో జన్మించిన అరవింద్ కృష్ణ ముఖ్యసూత్రధారిగా ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌ను కొననున్నట్లు ఆ యేటి అక్టోబరులోనే ప్రకటించి, 2019 జూలైలో పూర్తిచేసెను.

ఇంత ధనము ప్రవహించినను నిర్వహణ భారమును మోయువారు కొందరే. గుండ్లకమ్మపై విజయనగర కాలమున నిర్మితమైన కంభము చెరువు వంటి జలాశయముల నీరు ఎందరికో పారును గాని, పూడిక తీయుటకు, కట్ట నిలుపుటకు రైతులు కలిసి చేయు కుడిమరామత్తు ఆవశ్యకమయ్యెను. ఓపెన్ సోర్స్‌కును అట్టి ఏర్పాటు కావలెను. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ దోషము, 2021 డిసెంబరులో లాగ్4జే దోషము బయటపడి ప్రపంచమంతటి కార్యాలయములను కలవరపెట్టినపుడు, ఆ సాఫ్ట్‌వేర్లను పోషించుచున్నది అతిస్వల్ప సంఖ్యాకులని లోకమునకు తెలిసినది.

పెద్ద క్లౌడ్ సంస్థలు తమ శ్రమఫలమును అనుభవించుచున్నవను ఫిర్యాదుతో కొన్ని కంపెనీలు లైసెన్సులను బిగించెను: 2018లో మాంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023 ఆగస్టులో హాషికార్ప్. ఎలాస్టిక్ 2024లో తిరిగి ఓపెన్ సోర్స్ లైసెన్సును చేర్చెను. హాషికార్ప్ విషయమున డెవలపర్లు వేచియుండలేదు. దాని టెర్రాఫార్మ్ అను పనిముట్టు యొక్క పూర్వ మూలసంకేతము నుండి ఓపెన్‌టోఫు అను శాఖను చీల్చి 2023 సెప్టెంబరులోనే లినక్స్ ఫౌండేషన్ అండన నిలిపిరి. 2025 ఫిబ్రవరిలో ఐబీఎం హాషికార్ప్‌ను కొన్నది గాని, ఓపెన్‌టోఫు ఆ కొనుగోలుకు వెలుపలనే నిలిచియున్నది.