నాలుగు రాత్రుల సీరియల్

1987లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం మొదలైతే మన వీధులు ఎలా బోసిపోయేవో ఆ తరంవాళ్లకు గుర్తే. అంతకు ఎనిమిదేళ్ల ముందు పశ్చిమ జర్మనీనీ ఒక సీరియల్ ఇలాగే టీవీల ముందు కూర్చోబెట్టింది. అయితే వాళ్లు చూసింది పురాణం కాదు, సొంత ఇంటి పాపం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్లు ఫ్యాక్టరీలు కట్టారు, కార్లు కొన్నారు, గతం ఊసెత్తడం మానేశారు. ఆ మౌనంపై మానసిక విశ్లేషకులు అలెగ్జాండర్, మార్గరెటె మిచర్లిష్ దంపతులు 1967లో పుస్తకమే రాశారు. హిట్లర్‌ను నెత్తిన పెట్టుకున్న సమాజం ఆ తర్వాత ఏడవడం చేతగాక పనిలో తలదాచుకుందన్నది వారి నిర్ధారణ. అప్పటికే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్‌విట్జ్ నాజీ శిబిరపు నేరస్తుల విచారణ జరిగింది. అరవై లక్షల యూదు హతుల లెక్కా అందరికీ తెలుసు. తెలిసినా తగల్లేదు.

1979 జనవరిలో అమెరికన్ సీరియల్ 'హోలోకాస్ట్' ప్రసారమైంది. మొదటి ఛానల్ కాదంటే ప్రాంతీయ ఛానళ్లు వేశాయి. అంతకు కొద్దిరోజుల ముందే నయా నాజీలు ప్రసార కేంద్రాల దగ్గర బాంబులు పేల్చారు. అయినా సుమారు రెండు కోట్ల మంది చూశారు.

కథ 1935లో బెర్లిన్‌లో ఒక పెళ్లితో మొదలవుతుంది. వరుడు యూదు డాక్టర్ వైస్ గారి పెద్దబ్బాయి, వధువు క్రైస్తవ జర్మన్ పిల్ల. ఆ డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకున్న ఇల్లాలి భర్తే ఉద్యోగం కోసం నాజీల ఎస్సెస్ దళంలో చేరి, ఊచకోతకు పథకాలు రాస్తాడు. లక్షల అంకెకు కదలని మనసు ఈ ఒక్క ఇంటికి కరిగింది. ప్రతి భాగం తర్వాత స్టూడియోలో చరిత్రకారులు కూర్చుంటే వేలాది ఫోన్లు మోగాయి. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. మారణహోమాన్ని చౌకబారు నాటకం చేశారని రచయిత ఎలీ వీజెల్ మండిపడ్డారు. ఆ విమర్శలోనూ నిజముంది.

అప్పటికి నాజీ కాలపు హత్యానేరాల విచారణ గడువు 1979 ఆఖరుకు తీరిపోనుంది. జూలై 3న పార్లమెంటు 255–222 ఓట్లతో ఆ గడువునే ఎత్తేసింది. ఇదంతా సీరియల్ పుణ్యమే అనలేం. కానీ ఓటు వేసే నాటికి ఆ మారణహోమం ప్రతి ఇంట్లోనూ చర్చకొచ్చి ఉంది.

ఆ చట్టం వల్లే 2022 డిసెంబరులో, నాజీల స్టుట్‌హోఫ్ శిబిరంలో ఒకప్పుడు టైపిస్టుగా పనిచేసిన 97 ఏళ్ల వృద్ధురాలిని జర్మన్ కోర్టు దోషిగా తేల్చగలిగింది.